కుంగిన రోడ్డు మీద ఆగిన బండి

బండి నా షెడ్డులో ఒక్కసారి కూడా ఆగలేదు. జాకీ మీద ఎత్తి, వెనక చక్రాలు గాలిలో ఉంచి గంటసేపు తిప్పాను. హాయిగా తిరిగింది. కంట్రోలర్ విప్పి ఒక్కొక్క వైరునూ మీటరుతో చూశాను. అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. బాగుందని చెప్పి పంపిస్తే మర్నాడు మధ్యాహ్నం ఫోను.

"కాకా, మళ్ల ఆగింది. గాడ్నే."

ఆ "గాడ్నే", అంటే అక్కడే, అన్న మాట చెవిన పడగానే నాకు ఒళ్లు మండేది. ఎందుకు మండేదో చెప్పాలంటే ముందు నా సంగతి కొంత చెప్పాలి.

నేను ముప్పై రెండేళ్లు భూగర్భ గనిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. కంపెనీ క్వార్టరు ఖాళీ చేశాక గోదావరిఖనిలోనే ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని బ్యాటరీ ఆటోలు బాగుచేస్తున్నాను. ముఖ్యంగా కంట్రోలర్లు. కంట్రోలర్ అంటే సీటు కింద ఉండే అల్యూమినియం డబ్బా. బ్యాటరీలోని కరెంటును మోటారుకు ఎప్పుడు పంపాలి, ఎంత పంపాలి, మూడు లావు తీగల్లో దేనిలోంచి పంపాలి అన్నది అదే నిర్ణయిస్తుంది. మోటారు లోపల మూడు చిన్న సెన్సర్లుంటాయి. రోటరు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో అవి కంట్రోలర్‌కు చెబుతుంటాయి. ఆ కబురు మోసేవి ఐదు సన్న వైర్లు. ఆ కబురు ఆగితే డబ్బా గుడ్డిదవుతుంది, మోటారుకు కరెంటు ఆపేస్తుంది. బండి రోడ్డు నడుమ నిలబడిపోతుంది. ఇందులో మాయ లేదు. ప్రతి ఆగడానికీ ఒక కారణం ఉంటుంది, ఆ కారణం మీటరు ముల్లుకు అందుతుంది.

ఇదే మాట నేను వేరే చోట్ల కూడా నలభై ఏళ్లుగా చెబుతున్నాను. గనిలో షిఫ్టు ముగించుకుని, స్నానం చేసి, సభలకు పోయేవాణ్ణి. నిప్పుల మీద నడవడానికి పూనకం అక్కర్లేదని నా కాళ్లతో నడిచి చూపించాను. చిన్న పత్రికల్లో వ్యాసాలు రాశాను, వేదికల మీద వాదించాను. ఎదుటివాడు ఒక అడుగు వెనక్కి వేసేదాకా వదిలేవాణ్ణి కాను. వాదంలో నాకు రెండు నియమాలు ఉండేవి. కళ్లతో చూడనిదే నమ్మవద్దు. తప్పని తేలితే నలుగురిలో ఒప్పుకోవాలి. రెండూ ఎదుటివాళ్లకు చెప్పినంత తేలికగా నాకు నేను చెప్పుకోలేదని ఈ బండి వచ్చాకే తెలిసింది.

బండి ఒక ఆడమనిషిది. ముప్పై అయిదేళ్లుంటాయి. భర్త బసంత్‌నగర్ సిమెంటు లారీ తోలుతాడు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. ఆమె పొద్దున, మధ్యాహ్నం బడిపిల్లల్ని దింపుతుంది. ఇంట్లో పెత్తనం బావది, అంటే భర్త అన్నగారిది. ఆటో కొన్న నాడే ఆయన, ఆడది బండి తోలడమేందని మూతి ముడిచాడట. ఆమె వినలేదు.

మొదటిసారి దసరా మర్నాడు తోయించుకుంటూ తెచ్చింది. స్విచ్ వేస్తే బండి కదలలేదు. సీటెత్తి చూస్తే వైర్లను కలిపే కప్లరు నిండా కొబ్బరి నీళ్లు, పసుపు, కుంకుమ. పండక్కి కాయ కొట్టి డబ్బా మీదే పోశారు. నాకు పండగ దొరికినట్టయింది. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆమె ఓపికగా విని, "పూజ తప్పా కాకా, పోసుడు తప్పా?" అని అడిగింది. మంచి ప్రశ్నే. నేను రెండూ తప్పే అన్నాను. కప్లరు కడిగి, ఆరబెట్టి, మోటారు దగ్గర్నుంచి డబ్బా దాకా వైర్లన్నీ ఒక కట్టగా చేసి, ప్లాస్టిక్ టైలతో ఛాసిస్‌కు బిగించి పంపాను.

వారం తిరగకుండా రెండో రకం ఫిర్యాదు మొదలైంది. మధ్యాహ్నం పిల్లలతో వస్తుంటే ఆగుతోంది. పిల్లల్ని దించితే నడుస్తోంది. ఆగేది ఎప్పుడూ ఒకే చోట.

ఆ చోటేమిటో మా వాళ్లకు చెప్పనక్కర్లేదు. బయటివాళ్ల కోసం చెబుతున్నాను. బొగ్గు తీసేసిన పాత పనుల మీద ఉన్న నేల కొన్ని చోట్ల మెల్లగా కుంగుతుంది. బడికి పోయే రోడ్డు అలాంటి ఒక చోట పళ్లెంలా దిగి, మళ్లీ పైకి లేస్తుంది; ఊరి వైపు ఎత్తు నిటారు, బడి వైపు తక్కువ. తారు పోస్తారు, మళ్లీ కుంగుతుంది. దాని కింది గని ఎప్పుడో మూతపడింది. ఆ గనిలో చనిపోయినవాళ్లు బండ్లను పట్టుకుంటారని ఒక మాట పుట్టింది. పిల్లల్ని దించగానే బండి కదలడంతో ఆ మాటకు కాళ్లు కూడా వచ్చాయి.

"పసిపోరగాండ్లను దించినంక ఇడిసిపెడ్తరట కాకా. మా గల్లీల అందరు గట్లనే అంటున్నరు."

"నువ్వేమంటవు?"

"నేనేమంట. బండి ఆగుతంది. గది చెప్తున్న. ఆగినప్పుడు డబ్బా మీది ఎర్ర లైటు కొడ్తది. అయిదు సార్లు కొట్టి ఆగుతది, మళ్ల అయిదు సార్లు. మూడు దినాలు లెక్కపెట్టిన."

ఈ కంట్రోలర్లలో లోపమేమిటో ఆ ఎర్ర దీపం చెబుతుంది. ఎన్నిసార్లు మెరిస్తే ఏ లోపమో చూపే పట్టిక నా షెడ్డు గోడకే అంటించి ఉంది. ఆ రకం డబ్బాకు ఐదంటే సెన్సర్ల వైర్లు. తాళం తీస్తే ఆ గుర్తు చెరిగిపోతుంది, అందుకే బండి షెడ్డుకు చేరేసరికి దీపం ఏమీ చెప్పదు. ఇవన్నీ నాకు తెలుసు. ఆ వైర్లు చూశాను. చక్రం చేత్తో తిప్పుతూ ఐదింటినీ మీటరుతో చూశాను. భేషుగ్గా ఉన్నాయి.

"లెక్క తప్పినవ్ బిడ్డా," అన్నాను. "అయిదు కాదు, నాలుగైనా ఉండాలె, ఆరైనా ఉండాలె."

"నాకు పిల్లలను లెక్కపెట్టుడు రోజూ పనే కాకా. అయిదంటె అయిదే." ఆమె లేచి వెళ్లిపోయింది.

యాక్సిలరేటర్ మార్చాను. తర్వాత కంట్రోలరే మార్చాను. కొబ్బరి నీళ్లు లోపలెక్కడో ఉప్పు పట్టించి ఉంటాయని నా అనుమానం. అనుమానం అంటున్నాను గానీ, అప్పుడది నాకు నిశ్చయం. ఒకసారి పూజను పట్టుకున్నానుగా, దాన్ని వదలబుద్ధి కాలేదు. కొత్త డబ్బాతో కూడా బండి అక్కడే ఆగింది.

ఇలాంటి లోపం వెతకడమంత విసుగు పుట్టించే పని ఇంకోటి లేదు. కాలిపోయిన భాగం వాసనతోనే దొరుకుతుంది. తెగిన తీగ ఎప్పుడూ తెగే ఉంటుంది. వచ్చిపోయే లోపం అట్లా కాదు. నువ్వు చూస్తున్నప్పుడు ఉండదు, చూడటం మానగానే వస్తుంది. ఆ మూడు వారాల్లో డబ్బాను ఎన్నిసార్లు విప్పానో, మరలు అరిగిపోయి పానా జారేది. అన్నం ముందు కూర్చుంటే వైర్ల రంగులు కనిపించేవి. షెడ్డు ముందు నుంచి పోయేవాళ్లు ఆగి పలకరించేవాళ్లు, "ఏందన్నా, దయ్యం దొరికిందా?"

ఆమె ప్రతిసారీ ఒకటే అడిగేది. "నువ్వొక్కసారి గాడికి వచ్చి సూడు కాకా."

నేను పోలేదు. ఇరవై రోజులు ఆ మాట కొట్టిపారేశాను. నా వాదన ఇది: లోపం బండిలో ఉంటుంది, చోటులో ఉండదు. నేను అక్కడికి పోయి నిలబడితే, నలుగురూ చూసి, చూశారా, ఆయన కూడా వచ్చాడు అంటారు. ఆ చోటులో ఏదో ఉందని నేనే ఒప్పుకున్నట్టవుతుంది.

ఇంకో కారణం కూడా ఉంది, అది వాదన కాదు. ఆ మూసిన గనిలో నేను పనిచేశాను. ఒక రోజు పైకప్పు కూలినప్పుడు పోయినవాడు నా పక్కన టిఫిను తిన్న మనిషి. పప్పులో పచ్చిమిరపకాయ నంజుకుని కన్నీళ్లు పెట్టుకుంటూ నవ్వేవాడు. అలాంటివాడు ఇప్పుడు బడిపిల్లల ఆటో చక్రం పట్టుకుని గుంజుతున్నాడని చెబితే నేనెట్లా వినాలి? కప్పు కూలడానికి కారణాలుంటాయి, వాటిని అడగాలి, అడిగి రాయించాలి. చచ్చినవాణ్ణి దయ్యం చేస్తే ఆ అడగడం ఆగిపోతుంది. నిమ్మకాయతో సరిపోతుంది. నా కోపం అబద్ధం కాదు. కానీ ఆ కోపంతో నేను చేసిన పని ఏమిటి? చూడమన్న చోటికి పోయి చూడలేదు. దయ్యాన్ని నమ్మేవాళ్లు ఆ చోటికి పోవడం మానేశారు, నమ్మని నేనూ మానేశాను. ఇద్దరం కలిసి ఆ లోపాన్ని అక్కడే భద్రంగా దాచాం.

ఈలోగా నలుగురు పిల్లల తల్లిదండ్రులు వేరే ఆటో మాట్లాడుకున్నారు. ఒక శుక్రవారం పొద్దున ఆమె వచ్చి, ఈసారి కూర్చోకుండా, గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"బండి కలిసిరాలేదని మా బావ అమ్మెయ్యమంటుండు. బెల్లంపల్లి నుంచి ఎవలో ఆదివారం వస్తున్నరట. ఇచ్చేస్తే మళ్ల నాకు బండి కొననియ్యరు కాకా. గీ ముచ్చట ఇంతటితోనే ఒడుస్తది."

"నీ భర్త ఏమంటడు?"

"అన్న ఎట్లంటె గట్ల అన్నడు, ఫోన్ల." గుమ్మం దిగి వెనక్కి తిరిగింది. "నీకు రావుడు ఇష్టం లేకుంటె రాకు. కని నా లెక్క తప్పని మాత్రం అనకు."

శనివారం బడి ఒంటిపూట. మధ్యాహ్నం పిల్లల్ని ఇళ్లకు దింపాక నన్ను ఎక్కించుకుపొమ్మన్నాను. ఆమె బావను కూడా రమ్మంది. ఆయన తన మోపెడ్ మీద వెనకాల వచ్చాడు. కుంగిన చోటికి పాతిక గజాల ఇవతలే మోపెడ్ ఆపి నిలబడ్డాడు.

ఖాళీ బండి రెండుసార్లు దిగి ఎక్కింది. ఆగలేదు.

"పిల్లలు లేరు గద," అన్నాడాయన దూరం నుంచి. "సచ్చినోళ్లకు గీ ముసలి పానం ఎందుకు?"

"బరువు లేదు," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వినిపించింది. ఇరవై రోజులుగా బండిని జాకీ మీదనో, ఖాళీగానో చూశాను. బరువు పెట్టి ఒక్కసారి చూడలేదు.

మూలమలుపు దగ్గర ఆటో అడ్డా ఉంది. ఐదుగుర్ని బతిమాలి పిలుచుకొచ్చాను. ఒకడు తను పొద్దునే గుడికి పోయి వచ్చానని, తనకేం కాదని ముందు ఎక్కాడు. ఇంకొకడు జేబులో నిమ్మకాయ ఉందో లేదో తడుముకుని ఎక్కాడు. మరొకడు, "కాకా, దయ్యం గుంజితె మా ఇంటికి నువ్వే చెప్పాలె," అన్నాడు. సీట్లో పట్టినవాళ్లు పట్టారు, మిగిలినవాళ్లు వెనకాల వేలాడారు. నేను లోపల నేల మీద బోర్లా పడుకుని, సీటు కింది మూత తీసి, టార్చి వేసి డబ్బానే చూస్తున్నాను.

బండి పళ్లెంలోకి దిగింది. పైకి ఎక్కబోతూ ఒకసారి కుదిపి ఆగిపోయింది. ఎర్ర దీపం మెరిసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆగింది. మళ్లీ ఐదు.

ముందు సీట్లోంచి ఆమె గొంతు. "ఎన్ని కాకా?"

"అయిదు," అన్నాను.

ఆమె హ్యాండ్ బ్రేకు లాగింది.

"ఎవ్వరు దిగకుండ్రి," అని అరిచి, వెనక నుంచి జారి దిగి, బండి కిందికి దూరాను. మోటారు యాక్సిల్ మీద ఉంటుంది. డబ్బా బాడీకి ఉంటుంది. మనుషులు ఎక్కితే స్ప్రింగుల్లా బరువు మోసే కింది కమాన్ పట్టీలు పరుచుకుంటాయి, యాక్సిల్ వేలెడంత వెనక్కి జరుగుతుంది. పల్లంలోంచి ఎత్తెక్కేటప్పుడు బరువంతా వెనక్కి వచ్చి ఇంకొంచెం జరుగుతుంది. యాక్సిల్‌తో పాటు వైరు కూడా జరగాలి. ఇక్కడ జరగడానికి వీల్లేదు. వైర్ల కట్ట వీణ తీగలా బిగిసి ఉంది. కప్లరులో ఒక సన్న పిన్ను సగం బయటికి వచ్చి ఉంది. మనుషులు దిగితే పట్టీలు వంపు తిరుగుతాయి, యాక్సిల్ ముందుకు వస్తుంది, పిన్ను మళ్లీ తగులుతుంది. అందుకే పిల్లలు దిగగానే బండి కదిలేది.

కట్టను ఛాసిస్‌కు అంత బిగించి పట్టుకున్నది ఒక తెల్ల ప్లాస్టిక్ టై. దాని తోక ఏటవాలుగా కత్తిరించి ఉంది. అట్లా కత్తిరించేది నేను.

గనిలో మాకు నేర్పిన మొదటి పాఠం, కేబుల్ వేలాడకూడదు. వేలాడే కేబుల్‌ను బొగ్గు మోసే టబ్బు పట్టుకుంటుంది, లేదా మనిషి పట్టుకుంటాడు. అడుగడుక్కీ బిగించి కట్టాలి, గోడకు గీత గీసినట్టుండాలి. ముప్పై రెండేళ్లు అట్లాగే కట్టాను, మెప్పులు పొందాను. కానీ గనిలో నేను కేబుల్ కట్టిన పంపు మోటారు పునాది మీద బోల్టులతో కూర్చుని ఉండేది. ఎక్కడికీ పోయేది కాదు. ఇది పరుగెత్తే బండి, దీని మోటారు ప్రతి గుంతకూ అటూ ఇటూ కదులుతుంది. నా చేతులకు ఆ సంగతి తెలియలేదు. దసరా మర్నాడు కొబ్బరి నీళ్ల మీద ఉపన్యాసం ఇస్తూ ఆ టై బిగించాను. మాట్లాడుతూ చేసిన పని.

కట్టర్‌తో టై కోశాను. వైరు ఒక్కసారి వదులై కిందికి జారింది. పిన్నును వేలితో లోపలికి నొక్కాను. "తోలు," అన్నాను. ఐదుగురూ ఎక్కి ఉండగానే బండి పైకెక్కింది. తిప్పుకుని మళ్లీ దిగింది, మళ్లీ ఎక్కింది. ఆరోసారికి అడ్డావాళ్లకు విసుగొచ్చి దిగిపోయారు.

మోపెడ్ దగ్గరున్న బావ దగ్గరికి నడిచాను. అడ్డావాళ్లు కూడా మూగారు. వేదికల మీద నేను ఎంతోమందిని నలుగురిలో ఒప్పుకోమని నిలదీశాను. అది ఎంత కష్టమో వాళ్లెవరూ నాకు చెప్పలేదు.

"తప్పు బండిది కాదు, జాగది కాదు. వైరు బిగిచ్చి కట్టింది నేను. దసరా మర్నాడు. నేను కట్టినందుకే ఆగింది. రోగం ఎక్కడుందో ఆమె మొదటి దినమే చెప్పింది, నేనే ఇనలే."

ఆయన తెగిన టై ముక్కను నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంటే దయ్యం లేదంటవ్."

"లేదు."

"బండి మంచిదే అంటవ్."

"మంచిదే."

"ఇగ సమజైంది," అన్నాడు తల ఊపుతూ. "నీ చెయ్యి మంచిది కాదు అన్నా. గంతే. కొందరి చెయ్యి గట్ల ఉంటది."

చెయ్యి మంచిది కాకపోవడం కాదు, కట్టిన పద్ధతి తప్పు, పద్ధతి మార్చుకుంటే అదే చెయ్యి సరిగ్గా కడుతుంది, చెయ్యికి అదృష్టం దురదృష్టం ఉండవు అని మొదలుపెట్టాను. అడ్డావాళ్లు అప్పటికే ఔనౌనని తలలూపుతున్నారు. ఒకడు తన బండిని నా దగ్గరికి తేవడం మానేశాక రెండు నెలలుగా ఎంత బాగుందో చెబుతున్నాడు. ఒక దయ్యాన్ని అక్కణ్ణుంచి తీసేసరికి ఆ ఖాళీలో నన్ను నిలబెట్టారు.

ఆమె మధ్యలోకి వచ్చింది. "బావా, బండి ఆగలే. నీ ముంగటనే ఆరుసార్లు పోయింది. రేపు వచ్చేటోళ్లకు వద్దని చెప్పు."

ఆయన టై ముక్కను తిరిగి నా చేతిలో పెట్టాడు. "చెప్త," అన్నాడు చివరికి. "కని ఒక షరతు. గీన చెయ్యి మళ్ల బండి మీద పడొద్దు."

"పడది," అంది ఆమె వెంటనే. నా వైపు చూడను కూడా లేదు.

బండి అమ్మలేదు. పోయిన నలుగురు పిల్లల్లో ఇద్దరు తిరిగి వచ్చారు. మిగిలిన ఇద్దరి ఇళ్లకు నేనే పోయి పిన్ను సంగతి చెప్పాను. వాళ్లు మర్యాదగా చాయ్ ఇచ్చారు, పిల్లల్ని పంపలేదు.

నాలుగు రోజులకు ఆమె బండి తెచ్చి షెడ్డు ముందు ఆపింది. కప్లరులో పిన్ను మార్చాలి, వైరు మళ్లీ సరిగ్గా కట్టాలి, అట్లా వేలాడితే చక్రానికి తగులుతుంది. నేను పానా తీసుకుని లేచాను. ఆమె చెయ్యి చాపింది.

"అది గిటియ్యి. నువ్వు ముట్టొద్దు, మాటిచ్చిన."

"ఆ మాట మూఢనమ్మకం బిడ్డా. దాన్ని ఒప్పుకుంటే..."

"కాకా, నువ్వు వాదిస్తె పొద్దు గూకుతది. బడి ఇడిచే యాళ్లయితంది. ముందుగాల ఏ వైరు?"

నేను స్టూలు మీద కూర్చున్నాను. "ఎర్రది," అన్నాను. చెబుతూ పోయాను, ఆమె చేస్తూ పోయింది. పిన్ను పట్టుకోవడం రెండుసార్లు తప్పింది. నా వేళ్లు వాటంతటవే ముందుకు పోతుంటే చేతులు కట్టుకుని కూర్చున్నాను. వైరుకు ఎంత వదులు ఇవ్వాలని అడిగితే బెత్తెడు చాలన్నాను. ఆమె తన చేత్తో కొలిచి, టై వేసి, బిగించబోయి ఆగింది.

"ఖాళీ బండి మీద బిగిస్తె మళ్ల గదే కత గద. బరువు కావాలె." లేచి, చేతులు చీరకు తుడుచుకుని, వెనక సీటు చూపించింది. "ఎక్కి కూసో కాకా. నడుమ కాదు, యాక్సిల్ మీదికి."

నేను ఎక్కి, చెప్పిన చోట కూర్చున్నాను.